తడపని లైనింగు

ఈమధ్య ఉప్పల్‌లో చిన్న దుకాణాలవాళ్లంతా ఒక ఫంక్షన్ హాల్లో కలిశారు. నన్ను స్టేజీ ఎక్కించి, నాచారంలో మా మూడు దుకాణాలు కలిసి గిరాకీ ఎలా పెంచుకున్నాయో చెప్పమన్నారు. పావుగంట మాట్లాడాను. అందులో రెండు అబద్ధాలున్నాయి. ఆ ఆలోచన నాదని చెప్పడం ఒకటి. మొదట్లో మాతో ఉన్న టైలరమ్మ పని పాడుచేసింది కాబట్టి మార్చుకోవాల్సి వచ్చిందని చెప్పడం రెండోది. అందరూ చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ దుకాణంలో, తెచ్చిన కవరులోనే ఉంది. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

నాది మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకొచ్చిన ఆడవాళ్లకు దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, లోపల వేసే లైనింగు, ఫాల్, లంగా అమ్ముతాను. నాచారం మెయిన్ రోడ్డు నుంచి కాలనీలోకి తిరిగే వీధిలో మొదట్లోనే ఉంటుంది. మా తాత ఇక్కడే జొన్న వేసేవాడు. నాన్న ఫ్యాక్టరీలో డ్యూటీ చేశాడు. నేను నలభై రకాల ఎరుపుల్లో తేడా చెప్పగలను, అంతకుమించి విద్య లేదు.

నా దుకాణానికి ఎదురుగా ఒకావిడ జాకెట్లు కుట్టేది. గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్తకు లేత్ మిషన్ మీద పని. నాకంటే నాలుగైదేళ్లు చిన్నదేమో, నన్ను అన్నయ్యా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. ఆమె పక్కన గాజుల దుకాణం. దాని యజమాని మౌలాలి నుంచి రోజూ పాత స్కూటర్ మీద వచ్చే పెద్దమనిషి. వీధి మొత్తానికి ఆయన మామ. టైలరమ్మకు మాత్రం బాబాయిగారు.

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర నాలుగంతస్తుల బట్టల దుకాణం తెరిచాక మా వీధిలో అలికిడి తగ్గింది. అక్కడ చీర ఒక అంతస్తు, మ్యాచింగ్ ఒక అంతస్తు, కుట్టుడు పైన, గాజులు కింద. ఏసీ, తాగడానికి చల్లటి నీళ్లు. నేను ఖాళీగా కూర్చోవడం మొదలుపెట్టాను. ఖాళీగా కూర్చునేవాడికి మనుషుల్ని చూడటం అలవాటవుతుంది. వీధిలోకి వచ్చినవాళ్లు ఎక్కడ నడక తగ్గిస్తారు, ఏ గుమ్మం ముందు మనసు మార్చుకుంటారు, బయట స్టూలు వేస్తే లోపలికి వస్తారా లేక స్టూలు మీదే కూర్చుని వెళ్లిపోతారా, ఇవన్నీ నాకు వింతగా ఉండేవి. అద్దం బయట పెట్టి చూశాను. చాలామంది జుట్టు సవరించుకుని వెళ్లిపోయారు. లోపల పెట్టి చూశాను. చీర భుజం మీద వేసుకుని చూసుకోవడానికి లోపలికి వచ్చారు.

ఒకరోజు మధ్యాహ్నం ఒకావిడ చీర పట్టుకుని టైలరమ్మ దగ్గరికి వెళ్లింది. లైనింగు తెచ్చుకోమంటే నా దగ్గరికి వచ్చింది. రంగు సరిగ్గా ఉందో లేదో అడగడానికి మళ్లీ అటు వెళ్లింది, మార్చుకోవడానికి ఇటు వచ్చింది. ఎండ మండిపోతోంది. కాసేపటికి టైలరమ్మ నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, ఇందాక ఆవిడ ఎన్నిసార్లు రోడ్డు దాటిందో చూశారా?"

"నాలుగుసార్లు," అన్నాను. నేనూ లెక్కపెట్టాను మరి.

"ఐదు. ఐదోది ఉప్పల్ ఆటో కోసం."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "వాళ్లు దాటే బదులు మనం దాటితే పోదా?" అంది.

ఆ మాట ఆమెది. ఇన్నాళ్లూ అది నాదే అన్నట్టు ఉండిపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను నాలుగు అనేసి ఊరుకున్నవాణ్ని. ఐదోది చూసింది ఆమె.

గాజుల మామకు చెబితే మొదట కొట్టిపారేశాడు. "నేను దుకాణం ఇడిసిపెట్టి అటిటు ఉరుకుడేంది? నా మోకాళ్లు నీకు తెల్వదా?"

"మీరు కదలక్కర్లేదు బాబాయిగారూ. గుడ్డముక్క దాటుతుంది," అంది ఆమె.

పద్ధతి ఇలా పెట్టింది. చీర మా ముగ్గురిలో ఎవరి దగ్గర ఇచ్చినా సరే. చీరతో వచ్చే జాకెట్టు గుడ్డ అంచు నుంచి వేలెడంత ముక్క కోసి మిగతా ఇద్దరికీ పంపాలి. నేను దాన్నిబట్టి లైనింగు, ఫాల్ తీసి పెడతాను. మామ గాజులు జతచేస్తాడు. ఆమె కుడుతుంది. వారం తర్వాత చీర, జాకెట్టు, గాజులు అన్నీ ఒకే సంచిలో ఇచ్చేస్తాం. ఆ సంచీ ఆమే కుట్టింది, కత్తిరించగా మిగిలిన ముక్కలతో. ఒక్కో సంచీ ఒక్కో రకంగా ఉండేది. మూలన మూడు దుకాణాల పేర్లు దారంతో కుట్టేది. మామ పేరు అన్నిటికంటే కింద ఉందని ఆయన వారంరోజులు అలిగాడు. తర్వాత సంచీకో పేరు పైన పెట్టడం మొదలుపెట్టింది.

గోడ మీద రాయించిన బోర్డు చూసి ఎవరూ రాలేదు. సంచీ చూసి వచ్చారు. కూరగాయలకు, టిఫిన్ డబ్బాకు, ఆఫీసుకు అదే సంచీ పట్టుకుపోయేవాళ్లు. నాగోల్ మెట్రో స్టేషన్‌లో ఎవరి చేతిలోనో సంచీ చూశామంటూ మా వీధి వెతుక్కుంటూ ఇద్దరు అక్కాచెల్లెళ్లు వచ్చినప్పుడు మామ వాళ్లిద్దరికీ చాయ్ చెప్పాడు. ఆ చాయ్ తర్వాత వాళ్లు ఏమీ కొనకుండా పోలేకపోయారు పాపం.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. "ఈ రంగు నా దగ్గర లేదమ్మా, మీరు సికింద్రాబాద్‌లో చూసుకుంటే మంచిది" అని నేను నిజం చెప్పి పంపినవాళ్లు తప్పకుండా మళ్లీ వచ్చేవాళ్లు. "ఇది కూడా బాగనే ఉంటది" అని అంటగడితే కొనుక్కున్నవాళ్లు మళ్లీ రాలేదు. మనం పంపించేస్తే మనిషి ఎందుకు తిరిగొస్తుంది? టైలరమ్మను అడిగాను. "మన మాట మీద వెళ్లింది కదా, ఆ మాట ఎలా ఉందో చెప్పడానికి వస్తుంది," అంది.

ఇక లైనింగు సంగతి. కొత్త లైనింగు గుడ్డ నీళ్లలో పడితే కుంచించుకుపోతుంది. అందుకే ముందే తడిపి, ఆరబెట్టి, తర్వాత కత్తిరించాలి. టైలర్లందరూ ఇంట్లో తడిపి తెమ్మంటారు. సగం మంది మరిచిపోతారు. తెచ్చాక టైలరమ్మ రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసేది. గంజి పోయి మెత్తగా ఉంటే తడిపినట్టు. గరగరలాడితే "వెళ్లి తడిపి తీసుకురండి" అని పంపేసేది. దాంతో రెండురోజులు ఆలస్యం. ఆ రెండురోజులు తప్పించాలని నేనే ఒప్పుకున్నాను, దుకాణంలోనే తడిపి ఇస్తానని. డాబా మీద తాళ్లు కట్టాను. రంగు దిగే వాటికి వేరే బకెట్లు. పొద్దున ఎండకు పసుపు, నీలం, చిలకాకుపచ్చ వరుసగా ఊగుతుంటే ఎదురింటివాళ్లు "ఇయ్యాల ఏ పార్టీ మీటింగన్నా?" అని ఎకసెక్కం చేసేవాళ్లు. కొన్నాళ్లకు టైలరమ్మ నలిపి చూడటం మానేసింది. "మీ దగ్గర్నుంచి వచ్చిందంటే ఇక చూసేదేముంది," అంది.

ఆ శ్రావణమాసంలో వాన విడవకుండా పట్టింది. వరలక్ష్మీ వ్రతానికి అందరికీ జాకెట్లు కావాలి. సంచులు ఎన్నడూ లేనన్ని ఒప్పుకున్నాం. డాబా మీద గుడ్డ ఆరడం లేదు. ఇంట్లో ఫ్యాన్ కింద వేస్తే ముక్కిన వాసన. ఎదురుగా ఆమె ఖాళీగా కూర్చుంది, కత్తిరించడానికి లైనింగు లేక. "అన్నయ్యా, ఇంకెంతసేపు?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగకముందే నేను ఒక పని చేశాను. తానులోంచి కొత్త గుడ్డ తీసి, నీళ్లు చల్లి, గంజి పోయేదాకా రెండు చేతులతో నలిపి, వేడి ఇస్త్రీ పెట్టాను. ముట్టుకుంటే తడిపి ఆరబెట్టినదానిలాగే మెత్తగా ఉంది. పది పదిహేను జాకెట్లకు అదే ఇచ్చాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. వానాకాలంలో అంత గబగబా ఎలా ఆరిందని ఆమెకు అనుమానం రాకపోవడం నాకు ఆశ్చర్యం. అనుమానం రానంత నమ్మకం నేనే కలిగించాను కదా.

వ్రతం బాగా జరిగింది. జాకెట్లు ఉతికాక గొడవ మొదలైంది.

మొదట వచ్చింది మా కాలనీలోనే ఉండే ఒక టీచరమ్మ. చిలకాకుపచ్చ జాకెట్టు పట్టుకుని నడివీధిలో నిలబడింది.

"చెయ్యి లేపస్తలేదు! ఒక్క ఉతుకుకే గిట్లయితదా? కొలత జాకెట్టు ఇచ్చిన గద, కండ్లు తెరిచి కొలిచినవా, మూసుకొని కొలిచినవా?"

జాకెట్టు పైన ముడతలు పడ్డాయి. చంకల కింద బిగుసుకుపోయింది. టైలరమ్మ దాన్ని తిరగేసి చూసి, నా దుకాణంలోకి వచ్చి, మెల్లగా అడిగింది. "అన్నయ్యా, ఇది లైనింగు లాగినట్టుంది."

ఆమెకు తెలుసు. ముడత చూడగానే కనిపెట్టింది. ఉతికేశాక తడిపిన గుడ్డ, తడపని గుడ్డ ఒకేలా ఉంటాయి. వేళ్ల మధ్య నలిపి చూసినా ఇప్పుడు తేలదు. నేను చెబితేనే తేలాలి.

మామ కూడా గుమ్మంలోకి వచ్చాడు. "అల్లుడా, నీ లైనింగు తడిపిందేనా?"

"తడిపిందే మామా. నేనెప్పుడన్న తడపకుంట ఇచ్చిన్నా?"

అంతే. తన కళ్లు చెప్పినదాన్ని పక్కనపెట్టి ఆమె నా మాట నమ్మింది. బయటికి వెళ్లి టీచరమ్మకు క్షమించమని చెప్పి, జాకెట్టు ఊరికే సరిచేసి ఇస్తానంది. టీచరమ్మ ఇవ్వలేదు. "ఇంకోసారి నీ చేతిలకు ఇయ్య," అని తీసుకుపోయింది. తర్వాత ఒకటొకటిగా మరికొందరు వచ్చారు.

ఒకరోజు టైలరమ్మ నా మీటరు కర్ర అడిగింది. టేపులు వాడగా వాడగా సాగుతాయి. తన టేపు సాగి తప్పు కొలుస్తోందేమోనని, దాన్ని నా కర్ర పక్కన పరిచి అంగుళం అంగుళం సరిచూసుకుంది. నేను పక్కనే నిలబడ్డాను.

"సరిగ్గనే ఉంది చెల్లె," అన్నాను.

"మరి నా చెయ్యే తప్పుతోందన్నమాట," అంది.

అయినా ఆ టేపు మార్చింది. తర్వాత మరొకటి, ఆ తర్వాత ఇంకో రెండు. హబ్సిగూడ వెళ్లి కళ్లు పరీక్ష చేయించుకుంది, బాగానే ఉన్నాయన్నారు. బాగానే ఉన్నాయన్నందుకు సంతోషించలేదు. కత్తెర పట్టుకుని గుడ్డ ముందు అలా నిలబడిపోయేది. భయంతో ప్రతి జాకెట్టూ వదులుగా కత్తిరించేది, ఇప్పుడు వదులైందని వచ్చేవాళ్లు. దసరా తర్వాత దుకాణం ఖాళీ చేసి చెంగిచెర్లకు వెళ్లిపోయారు. వెళ్లేముందు మిగిలిన సంచులన్నీ నాకు ఇచ్చి, "పద్ధతి ఆపకండి అన్నయ్యా, బాగుంది," అంది.

ఆపలేదు. వేరే టైలరును పెట్టుకున్నాం. సంచీ ఇప్పుడు ప్రెస్‌లో అచ్చు వేయిస్తున్నాం. అందరూ ఆలోచన నాదే అనుకున్నారు, నేను కాదనలేదు. కాదనకుండా ఉండగా ఉండగా నాకే అలా అనిపించసాగింది.

ఉప్పల్ మీటింగ్‌లో, కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ లేచి మంచి ప్రశ్న వేసింది. "కలిసినోళ్లలో ఒకరు పని చెడగొడితే ఏం చేయాలె అన్నా? అందరి పేరు పోతది గద?" నేను ఆగకుండా టైలరమ్మ కథ చెప్పేశాను. ఎంత తేలిగ్గా చెప్పానంటే, మధ్యలో ఒక జోకు కూడా వేశాను.

హాల్లో మామ కూడా ఉన్నాడు; తిరిగొచ్చేటప్పుడు ఆయన స్కూటర్ వెనక కూర్చున్నాను. నాచారం మలుపు దాకా ఆయన నేరుగా నడిపాడు. అక్కడ స్కూటర్ ఆపాడు.

"ఆమె కోతల తప్పేముండెనో నాకింకా సమజ్ గాలె అల్లుడా. నా బిడ్డ పెండ్లి జాకెట్లన్ని ఆమెనే కుట్టింది. అప్పుడు రాని తప్పు గప్పుడే ఎట్లొచ్చింది?"

ఆయన నన్ను నిలదీయలేదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు, అందుకే అడిగాడు. స్కూటర్ దిగి, రోడ్డు పక్కనే నిలబడి చెప్పేశాను. మామ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు.

"నాకు జెప్పి ఏం ఫాయిదా?" అన్నాడు చివరికి. స్కూటర్ స్టార్ట్ చేసి నన్ను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున చెంగిచెర్ల వెళ్లాను. ఇంటి గేటుకు చిన్న అట్ట వేలాడుతోంది: ఫాల్, పీకో మాత్రమే. అంటే చీర అంచులు కుడుతుంది తప్ప కొలిచి కత్తిరించే పనేదీ ఒప్పుకోవడం లేదు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది, బాబాయిగారి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగింది. నీళ్లు తాగకుండానే చెప్పాను. వాన, ఇస్త్రీ, నలపడం, తడిపిందేనని అనడం, ఉప్పల్‌లో మాట్లాడింది, అన్నీ.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బీరువా తెరిచి కొత్త లైనింగు ముక్క తీసింది. మీటరు కొలిచి రెండు చివర్లా సుద్దముక్కతో కాదు, దారంతో గుర్తు వేసింది. బకెట్లో ముంచి, పిండి, తీగ మీద ఆరేసింది.

"కూర్చోండి. ఆరాక వెళ్దురుగాని," అంది.

ఎండ బాగా ఉంది. అయినా చాలాసేపు పట్టింది. ఆమె చీరకు ఫాల్ కుడుతూ కూర్చుంది, నావైపు చూడలేదు. ఆరాక ఇస్త్రీ చేసి, టేపు పెట్టి, నన్ను దగ్గరకు రమ్మంది.

"రెండు వేళ్లు తగ్గింది. చూశారా?"

"చూసిన."

"చంక కింద ఇంత లాగితే ఎవరికి పడుతుంది?" ఆ మాట నాతో కాదు, గుడ్డతో అన్నట్టు ఉంది. తర్వాత నావైపు తిరిగింది. "నాలుగు టేపులు మార్చాను. మీ కర్ర పక్కన పెట్టి కొలుచుకున్నాను. మీరు పక్కనే ఉన్నారు. సరిగ్గానే ఉంది చెల్లె అన్నారు."

"అన్న."

"ఇప్పుడు నాకు చెప్పారు సరే. ఆ టీచరుగారికి ఎవరు చెబుతారు? నిన్న మీటింగులో విన్నవాళ్లకి?"

దుకాణాలవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే రాశాను, ఆలోచన ఆమెదని, తప్పు నాదని. కొందరు దండం బొమ్మ పెట్టారు. ఒకాయన "ఇప్పుడెందుకన్నా ఇదంతా" అన్నాడు. కర్రీ పాయింటావిడ మాత్రం "అంటే నేనడిగినదానికి జవాబు ఇంకా రాలేదు" అని రాసింది.  ఆ జవాబు టైలరమ్మను మార్చడం మాత్రం కాదని నాకు తెలిసింది.

టీచరమ్మ ఇంటికి వెళ్లి చెబితే, మొదట ఏ జాకెట్టు గురించో గుర్తు రాలేదు. గుర్తొచ్చాక లోపలికి వెళ్లింది. బీరువా అడుగున మడతపెట్టి ఉన్న చిలకాకుపచ్చ జాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నడిబజార్ల నేనామెను అన్న మాటలు నువ్వు వాపస్ తెస్తవా?" అంది. "తేలేనమ్మా," అన్నాను. కాసేపటికి మెత్తబడింది. "ఆమెకియ్యి. విప్పి కొత్త లైనింగేసి కుడతదేమో అడుగు. నేనే వచ్చి తీసుకుంటనని జెప్పు."

మిగిలినవాళ్ల ఇళ్లకు కూడా వెళుతున్నాను. ఇద్దరు ఇల్లు మారారు, ఎక్కడున్నారో వెతుకుతున్నాను.

ఆ జాకెట్టుకు సరిపోయే లైనింగు నేనే డాబా మీద తడిపాను, ఎండలో ఆరబెట్టాను. పాత గుడ్డముక్కల సంచీ ఒకటి మిగిలి ఉంటే అందులో రెండూ పెట్టుకుని చెంగిచెర్ల వెళ్లాను. టీచరమ్మ మాట చెప్పాను. ఆమె జాకెట్టును చాలాసేపు తిప్పి చూసింది, తన కుట్టు మీద వేలు నడిపింది. తర్వాత లైనింగు తీసుకుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"తడిపిందే చెల్లె," అన్నాను.

"అలాగే," అని, దాన్ని తీసుకెళ్లి బకెట్లో ముంచింది.

పిండి తీగ మీద వేసి వచ్చి, కుర్చీలో కూర్చుని, బ్లేడు తీసుకుని పాత కుట్లు విప్పడం మొదలుపెట్టింది. బుధవారం రమ్మని టీచరుగారికి చెప్పమంది. గేటు దగ్గరికి వచ్చి వెనక్కి చూస్తే, మిషన్ మూలన కత్తెర తీసి కొంగుతో తుడుస్తోంది.